విజయవాడలో ఆస్పత్రి తొట్టి: తెల్లమచ్చ చికిత్స డైరీ

ఇంట్లో చేపలు పెంచే పెద్ద తొట్టి కొలత మూడడుగులు. నీళ్లు నిలిచే భాగం 36×12×15 అంగుళాలు, అంటే సుమారు 106 లీటర్లు. అడుగున కంకర, వాలిస్నేరియా, జావా ఫెర్న్ మొక్కలు. చేపలు 10: మోలీలు, స్వోర్డ్‌టెయిళ్లు, గప్పీలు. ధనుర్మాసం చలిలో కొత్త మోలీలు నేరుగా ఇందులోకి వచ్చాయి. ఆ వారంలోనే ఒక నల్ల మోలీ తోక మీద తెల్లచుక్కలు తేలాయి. చేపలను ఆస్పత్రి తొట్టిలోకి, అంటే చికిత్స కోసం విడిగా పెట్టిన చిన్న తొట్టిలోకి మార్చాం. తర్వాత చేసిన పని, తీసిన కొలతలు, చెడిన చోట్లు దశలవారీగా కింద ఉన్నాయి. చేసినట్టే చేయాలనుకునేవాళ్లు లీటర్లను మాత్రం తమ తొట్టికి తగ్గట్టు మార్చుకోవాలి.

దశ 1: అది ఏ జబ్బు?

మందు కొనడానికి ముందు టార్చి తీసుకోండి. గదిలో దీపాలు ఆర్పి చేప మీదికి ఏటవాలుగా వెలుతురు వేసి చూడాలి.

- ఉప్పు రవ్వంత గింజలు ఒక్కొక్కటి విడివిడిగా, కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తే తెల్లమచ్చ. ఇది ఇక్తియోఫ్తీరియస్ అనే ఏకకణ పరాన్నజీవి పని. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది.
- గింజ కంటికి ఆనకుండా, టార్చి వెలుగులో పసుపు బంగారు ధూళి చల్లినట్టు మెరిస్తే వెల్వెట్. దీనికి మందుతో పాటు తొట్టిని చీకటిగా ఉంచాలి. ఆ జీవి వెలుతురుతో కూడా ఆహారం చేసుకోగలదు.
- మూతి చుట్టూ, వీపు మీద బూడిద తెలుపు పొర ఉంటే కాలమ్నారిస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. దీన్ని దూది బూజని పొరబడుతుంటారు. నీళ్లు వేడెక్కితే ఇది మరింత జోరుగా పాకుతుంది. కాబట్టి తెల్లమచ్చ అనుకుని హీటరు పెంచితే చేప ఇంకా త్వరగా పోతుంది.
- గోల్డ్‌ఫిష్ మొప్పల మూత మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరుసగా తెల్లచుక్కలుంటే అది ఈడొచ్చిన మగచేప లక్షణం. జబ్బు కాదు, మందు వద్దు.
- ఒంటి మీద దారంలా వేలాడేది యాంకర్ వార్మ్. ఉప్పుకు ఇది లొంగదు.

మనకు కనిపించినవి విడివిడి గింజలు. నల్ల మోలీ మీద లెక్కపెడితే 11. ఒక స్వోర్డ్‌టెయిల్ మీద ఒక్క చుక్క కూడా లేదు, కానీ పైకొచ్చి గాలి గుటకలు వేస్తోంది. చుక్కలు లేకపోయినా ఇలా ఆయాసపడే చేప గురించే ఎక్కువ కంగారు పడాలి. దాని మొప్పల లోపల పురుగులు ఉండవచ్చు, అవి మనకు కనపడవు.

దశ 2: పెద్ద తొట్టిలో మందు ఎందుకు వేయలేదు

ఈ జీవికి మూడు రూపాలు. చర్మం కింద తింటూ పెరిగేది ఒకటి. పెరిగాక రాలి, అడుగున కంకరకో ఆకుకో అంటుకుని గూడు కట్టుకునేది రెండోది. ఆ గూడు పగిలి వందల్లో బయటికొచ్చి, చేప కోసం వెతుకుతూ ఈదే పిల్లలు మూడోది. ఉప్పయినా మందయినా చంపేది ఈ మూడో రూపాన్నే. చర్మం కింద ఉన్నదాన్ని, గూట్లో ఉన్నదాన్ని అది తాకలేదు. ఈదే పిల్లకు చేప దొరకకపోతే సుమారు రెండు రోజుల్లో చస్తుంది.

దీన్నిబట్టి చేసిన నిర్ణయం: చేపలన్నిటినీ అడుగున ఏమీ లేని చిన్న తొట్టిలోకి మార్చి ఉప్పు, వేడి అక్కడే ఇవ్వడం. చేపలు లేని పెద్ద తొట్టిని 28 డిగ్రీల దగ్గర 14 రోజులు ఉంచడం. మొక్కలకు ఉప్పు దెబ్బ తగలదు, కంకరలోని గూళ్లు పగిలి పిల్లలు ఆకలితో పోతాయి. ఫిల్టరులోని మేలు బాక్టీరియా ఆకలి తీరేందుకు ఆ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేశాం.

చేపల్లో కోరిడోరాస్, టెట్రాలు ఉంటే ఈ దారి యథాతథంగా పట్టొద్దు. మోలీ తట్టుకునే ఉప్పు వాటికి ఎక్కువ. సగం మోతాదుతో మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

దశ 3: తొట్టి బిగింపు

1. 18×12×12 అంగుళాల గాజు తొట్టి, 5 మిల్లీమీటర్ల మందం: రూ. 700
2. కిందకి, మూడు పక్కలకి థర్మోకోల్ షీట్లు: రూ. 60
3. రెండు తలల స్పాంజి ఫిల్టరు: రూ. 220
4. రెండు గొట్టాల ఎయిర్ పంపు: రూ. 380
5. గొట్టం, నాన్ రిటర్న్ వాల్వు: రూ. 70
6. 50 వాట్ల హీటరు: రూ. 480
7. డిజిటల్ థర్మామీటరు: రూ. 150

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 2,060.

పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే, కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి జారి పంపులోకి దిగుతాయి. అందుకే వాల్వు. పంపును తొట్టి కంటే ఎత్తున పెట్టగలిగితే ఇంకా మంచిది. హీటరు తీగ ప్లగ్గు దగ్గరికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. తీగ మీద జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు.

స్పాంజి కొత్తదైతే అది ఉత్త బుడగల యంత్రమే. చేపల మలినం నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను తినే బాక్టీరియా అందులో స్థిరపడటానికి వారాలు పడుతుంది. పెద్ద తొట్టి ఫిల్టరు వెనక చాలాకాలంగా నడుస్తున్న స్పాంజి ఒకటి ఉంది కాబట్టి దాన్నే తీసి ఇందులో బిగించాం. అదే జబ్బున్న నీళ్లలోంచి వచ్చినా, వెళ్లేది అవే చేపల దగ్గరికి కాబట్టి ఇబ్బంది లేదు. ఏ ఇంట్లోనైనా పెద్ద తొట్టిలో ఒక అదనపు స్పాంజి ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. జబ్బొచ్చిన రోజు డబ్బు పెట్టినా దొరకని వస్తువు అదొక్కటే.

దశ 4: నీళ్ల కొలత

అంగుళాల లెక్కన, 10 అంగుళాల ఎత్తు దాకా నింపితే 35.4 లీటర్లు. గాజు మందం తీసేస్తే లోపలి కొలత తగ్గుతుంది. 20 లీటర్ల వాటర్ క్యానుతో, మగ్గుతో కొలిచి పోస్తే అసలు నిలిచినవి 33.5 లీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది. ఉప్పు విషయంలో నిజంగా చిన్నదే. మిథిలిన్ బ్లూ లాంటి, చుక్కల లెక్కన వేసే రంగు మందుల్లో మాత్రం చికిత్సకూ విషానికీ మధ్య సందు ఇరుకు. కంకర, రాళ్లు ఉన్న తొట్టిలో తేడా ఇంకా పెరుగుతుంది. ఒక్కసారి క్యానుతో కొలిచి, నీటిమట్టం దగ్గర గాజు మీద మార్కరుతో గీత గీయండి.

ఆవిరైన నీటి బదులు పోసే నీళ్లలో ఉప్పు కలపొద్దు. ఉప్పు ఆవిరవదు. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం, తీసిన లీటర్లకు సరిపడా ఉప్పు కలపాలి.

కొన్నవి: అమ్మోనియా ద్రవ పరీక్ష కిట్టు రూ. 650, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) కిట్టు రూ. 200, ఒక గ్రాము దాకా చూపే వంటింటి తూకం రూ. 350. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,260.

దశ 5: కృష్ణ నీళ్లు, బోరు నీళ్లు

విజయవాడ మునిసిపల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పలను కాల్చేస్తుంది, స్పాంజిలోని బాక్టీరియాను కూడా చంపుతుంది. బక్కెట్టులో ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. జబ్బు రోజుల్లో అంత ఆగలేం కాబట్టి క్లోరిన్‌ను వెంటనే విరిచే సోడియం థయోసల్ఫేట్ వాడాం.

1. థయోసల్ఫేట్ స్ఫటికాలు 10 గ్రాములు ఒక లీటరు నీళ్లలో కరిగించండి. ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు వస్తుంది.
2. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల స్ఫటికాలు కావాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉందనుకుంటే 10 లీటర్ల బక్కెట్టుకు 70 మిల్లీగ్రాములు, అంటే 7 మిల్లీలీటర్లు.
3. సిరంజితో వేసి, కలిపి, కొద్ది నిమిషాలు ఆగి వాడండి. కాస్త ఎక్కువ పడినా హాని లేదు.

అపార్ట్‌మెంటులో సంపు కడిగిన వారం ఈ లెక్క చాలదు. బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగాక మొదట ఎక్కే నీళ్లలో క్లోరిన్ మామూలు కంటే చాలా ఎక్కువ. కుళాయి తిప్పితే వాసన తెలుస్తుంది. ఆ రెండు మూడు రోజులు ముందే పట్టి పెట్టిన నీళ్లే వాడాలి. వాచ్‌మన్‌ను అడిగి సంపు కడిగే రోజు క్యాలెండరులో రాసుకోండి.

గుంటూరు వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకు క్లోరిన్ బాధ ఉండదు, ఇంకో చిక్కు ఉంటుంది. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. ఒక రాత్రి గాలి పట్టిస్తే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది. పోల్చి చూద్దామని తెచ్చిన ఒక బక్కెట్టు బోరు నీళ్లలో పట్టగానే 7.2, మర్నాడు పొద్దున 7.8. పట్టిన వెంటనే కొలిచిన అంకెను నమ్మి నేరుగా పోస్తే తొట్టిలో పీహెచ్ ఊగుతుంది.

థయోసల్ఫేట్ రూ. 60, సిరంజి రూ. 20. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,340.

దశ 6: చికిత్స

రాళ్ల ఉప్పు కిలో రూ. 20. మోతాదు లీటరుకు 3 గ్రాములు, అంటే 33.5 లీటర్లకు 100 గ్రాములు. చెంచాతో కొలవొద్దు. గళ్లు పెద్దవైతే ఒక బరువు, చిన్నవైతే ఇంకో బరువు తూగుతుంది. అయోడిన్ ఉన్న ఉప్పు వేస్తే చేపలు చస్తాయన్న భయం అక్కర్లేదు. ఈ మోతాదులో తొట్టిలోకి చేరే అయోడిన్ లెక్కలోకి రాదు.

1వ రోజు: పొద్దున 34 గ్రాములు విడిగా మగ్గులో కరిగించి పోశాం, రాత్రి ఇంకో 33. తొట్టిలో ఉప్పు లీటరుకు 2 గ్రాములు. నీళ్లు 24.2 డిగ్రీల నుంచి 26కు. అమ్మోనియా 0. నల్ల మోలీ మీద చుక్కలు 11.

2వ రోజు: పొద్దున చివరి 33 గ్రాములు, మొత్తం లీటరుకు 3 గ్రాములు. హీటరు డయలు 29 దగ్గర ఉన్నా తెల్లవారుజామున థర్మామీటరు 27.4 చూపింది. సాయంత్రం అమ్మోనియా 0.5 పీపీఎమ్, అంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు.

హీటరు సంగతి ముందు. 33.5 లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి, వేడి బయటికి ఏమీ పోదనుకున్నా 50 వాట్లకు 47 నిమిషాలు పడుతుంది. పై మూత తెరిచి ఉంటే వచ్చిన వేడి వచ్చినట్టే పోతుంది. థర్మోకోల్ పక్కలకు పెట్టాం, పైన లేదు. మిగిలిన ముక్కతో మూడొంతులు కప్పి, గాలి ఆడటానికి ఒక మూల వదిలితే 29.1 దగ్గర నిలిచింది. డయలు మీది అంకె సూచన మాత్రమే. నమ్మాల్సింది విడిగా పెట్టిన థర్మామీటరును.

3వ రోజు: అమ్మోనియా 1.0. పీహెచ్ 7.8. ఆయాసపడుతున్న స్వోర్డ్‌టెయిల్ చనిపోయింది. నల్ల మోలీ మీద చుక్కలు 30 దాటాయి.

చుక్కలు పెరగడం చికిత్స విఫలమైన గుర్తు కాదు. వేడికి జీవిత చక్రం త్వరపడి, ముందే చర్మంలోకి దూరినవన్నీ ఒకేసారి పెరిగి కనిపిస్తాయి. ఈ రోజు భయపడి రెండో మందు కలపడం వల్ల పోయే చేపలు చాలా ఉంటాయి. అమ్మోనియా మాత్రం నిజమైన ప్రమాదం. నడుస్తున్న స్పాంజి ఉండి, మేత తగ్గించి ఉండగా అది ఎక్కడి నుంచి వచ్చింది?

వెతికితే జాలి సంచిలోని జియోలైట్ అనే ఖనిజం దగ్గర తేలింది. స్పాంజితో పాటు అది కూడా పెద్ద తొట్టి ఫిల్టరు నుంచి వచ్చింది. చెరువుల రైతులకు బాగా తెలిసిన వస్తువే, ఆక్వా మందుల షాపుల్లో బస్తాల్లో దొరుకుతుంది. మంచినీళ్లలో అది అమ్మోనియాను పట్టుకుంటుంది. నీళ్లలో ఉప్పు పడగానే సోడియంను పట్టుకుని, అంతకుముందు దాచుకున్న అమ్మోనియాను వదిలేస్తుంది. ఉప్పు వేసే తొట్టిలో జియోలైట్ ఉండకూడదు. రంగు మందు వేసే తొట్టిలో యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లను శుద్ధి చేసే బొగ్గు) కూడా ఉండకూడదు, అది మందును పీల్చేస్తుంది.

1.0 పీపీఎమ్ ఎంత చెడ్డదన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. మొప్పలను చంపేది మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉన్న భాగం. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.0 అయితే అది 0.7 శాతం, 7.8 అయితే 4 శాతం పైన, 8.2 అయితే 10 శాతం. మన తొట్టిలో 0.04 పీపీఎమ్ పైచిలుకు విషరూపం. అప్పటికే మొప్పలు దెబ్బతిన్న చేపకు అది చాలు.

చేసిన మార్పు:

1. జియోలైట్ సంచి బయటికి.
2. హీటరు స్విచ్ తీసి (నీటిమట్టం దిగి హీటరు బయటపడితే దాని వేడి గాజు పగులుతుంది) అడుగు నుంచి సైఫన్‌తో 10 లీటర్లు తీశాం. గూళ్లు అడుగునే ఉంటాయి కాబట్టి నీళ్లు ఎప్పుడూ అక్కడి నుంచే తీయాలి.
3. అదే వేడికి తెచ్చి, థయోసల్ఫేట్, 30 గ్రాముల ఉప్పు కలిపిన 10 లీటర్లు పోశాం. లెక్క ప్రకారం అమ్మోనియా 1.0 నుంచి 0.7.
4. సాయంత్రం మళ్లీ అంతే. 0.7 నుంచి 0.5.
5. ఆ రోజు మేత లేదు.

ఇప్పటిదాకా పోసిన ఉప్పు 160 గ్రాములు. తొట్టిలో ఉన్నది మాత్రం లీటరుకు 3 గ్రాములే.

4వ రోజు: అమ్మోనియా 0.25. రాత్రి కరెంటు పోయి పంపు, హీటరు రెండూ ఆగాయి. వేడి నెమ్మదిగా తగ్గుతుంది, ప్రాణవాయువు అంతసేపు ఆగదు. 25 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టుకోగలిగేది లీటరుకు 8.3 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.6 మాత్రమే. వేడి పెంచిన తొట్టిలో గాలి ఆగకూడదు. కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ పంపు రూ. 450 పెట్టి కొన్నాం. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,810 (ఉప్పుతో కలిపి).

5వ రోజు: అమ్మోనియా 0. చుక్కలు 6. మేత మళ్లీ మొదలు, రెండు నిమిషాల్లో తినేంత.

6వ రోజు: ఒక్క చుక్కా లేదు. 10 లీటర్లు మార్పు, 30 గ్రాములు. మొత్తం ఉప్పు 190 గ్రాములు.

తెల్లమచ్చ తిరగబెట్టేది ఎక్కువగా ఈ రోజున చికిత్స మానేసిన ఇళ్లలోనే. చుక్క మాయమైతే పురుగు చచ్చినట్టు కాదు. పెరగడం పూర్తయి చర్మం వదిలి గూట్లోకి వెళ్లింది. ఇంకా పగలని గూళ్లు ఉండవచ్చు, మొప్పల్లో కంటికి ఆనని కొత్తవి ఉండవచ్చు. చివరి చుక్క పోయాక కనీసం ఇంకో వారం అదే ఉప్పు, అదే వేడి.

10వ రోజు: 10 లీటర్లు, 30 గ్రాములు. మొత్తం ఉప్పు 220 గ్రాములు. చుక్కలు లేవు, ఒళ్లు రుద్దుకోవడం లేదు.

14వ రోజు: ఉప్పు ఆపేశాం. రోజు విడిచి రోజు 10 లీటర్లు ఉప్పు లేని నీళ్లతో మార్పు. లీటరుకు గ్రాముల లెక్క: 3.0, 2.1, 1.5, 1.0, 0.7. హీటరు రోజుకు ఒక డిగ్రీ చొప్పున కిందికి. 9 చేపలూ బతికాయి, పెద్ద తొట్టిలోకి వెళ్లాయి.

మిథిలిన్ బ్లూ ఎందుకు వాడలేదంటే, అది స్పాంజిలోని మేలు బాక్టీరియాను దెబ్బతీస్తుంది. 10 చేపలున్న చిన్న తొట్టిలో ఆ నష్టం జబ్బుతో సమానం. మలకైట్ గ్రీన్ బాగా పనిచేసే మందే, మనిషికి కూడా హానికరం. వాడితే గ్లవ్స్ తప్పవు, తినే చేపల దగ్గరికి దాన్ని ఎప్పుడూ రానివ్వకూడదు. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు కొని విప్పి పోయడం మన దగ్గర మామూలైపోయింది. తెల్లమచ్చ బాక్టీరియా కాదు, ఆ పొడికి చావదు. చచ్చేది ఫిల్టరు, బలపడేది మందుకు లొంగని బాక్టీరియా. దయచేసి ఈ పని చేయొద్దు.

దశ 7: శుభ్రం, పారబోత

వలలు, సైఫన్ గొట్టం: 10 లీటర్ల నీళ్లలో 7 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (30 శాతం క్లోరిన్ ఉన్నది), అంటే లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల క్లోరిన్. ఒక గంట నానబెట్టి, కడిగి, థయోసల్ఫేట్ నీళ్లలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఎండితే తెల్లమచ్చ బతకదు. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా తొట్టిలో చేయి పెట్టొద్దు. చేపల నుంచి మనిషి చర్మానికి అంటుకునే క్షయ జాతి బాక్టీరియా ఒకటుంది.

జబ్బు నీళ్లను, చచ్చిన చేపను, వద్దనుకున్న బతికిన చేపను కూడా బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో రైవస్ కాలువలోనో వేయకండి. ఆ నీళ్లు కిందికి పొలాలకు, చేపల చెరువులకు పోతాయి. 33 లీటర్లకు 10 గ్రాముల బ్లీచింగ్ కలిపి, రాత్రంతా ఉంచి, ఇంటి డ్రైనేజీలో పోశాం. మొక్కల కుండీల్లో పోయొద్దు, అందులో ఉప్పు ఉంది.

దశ 8: అదే తొట్టి, ఇప్పుడు క్వారంటైన్

కొత్త చేపలకు వాడుతున్న పద్ధతి:

1. కవరును 20 నిమిషాలు తేలనిచ్చి వేడి సరిచేయాలి. షాపు నీళ్లు తొట్టిలోకి పోయొద్దు, చేపను మాత్రమే వలతో దింపాలి.
2. నాలుగు వారాలు ఇక్కడే. మొదటి వారం మందు లేదు. తినడం, ఊపిరి, మలం గమనించాలి.
3. వల, సైఫన్ ఈ తొట్టికి వేరే. పెద్ద తొట్టి పని ముందు చేసి, ఈ తొట్టిని చివర ముట్టాలి. తడి చేతుల్లోనే తెల్లమచ్చ ఒక తొట్టి నుంచి ఇంకోదానికి పోతుంది.
4. వారానికి రెండుసార్లు అమ్మోనియా పరీక్ష. 0.25 కనిపిస్తే అదే రోజు 10 లీటర్ల మార్పు.

వేసవికి ఒక మార్పు కావాలి. మే నెలలో ఇక్కడ హీటరు లేకుండానే నీళ్లు 31, 32 డిగ్రీలకు పోతాయి. అప్పుడు తెల్లమచ్చ కంటే కాలమ్నారిస్‌ను ముందు అనుమానించాలి. చేపలు తగ్గించాలి, గాలి పెంచాలి, మధ్యాహ్నం మేత మానాలి.

హీటరు లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోతే నీళ్లు ఉడికిపోతాయి. దానికి అడ్డుగా బయట బిగించే ఉష్ణోగ్రత కంట్రోలరు రూ. 600 పెట్టి తెచ్చి, 30 డిగ్రీల దగ్గర కరెంటు కట్ అయ్యేలా పెట్టాం. దాని సెన్సరును గాజుకు పట్టి ఉంచే రబ్బరు కప్పు ఊడి, సెన్సరు బయట వేలాడితే గది గాలిని కొలిచి హీటరును ఆపకుండా నడిపిస్తుంది. అందుకే దాన్ని స్పాంజి గొట్టానికి ప్లాస్టిక్ ట్యాగుతో కట్టాం. మొత్తం ఖర్చు: రూ. 4,410.